తెల్ల ద్రాక్ష – తొక్కతో పులియబెట్టు వైను



ఆరెంజ్ వైను అను పేరు వినగానే అది బత్తాయి రసముతోనో, కమలా రసముతోనో చేసినదని చాలామంది అనుకొందురు. అందులో ఆ జాతి పండు ఒక్కటియు ఉండదు. అది తెల్ల ద్రాక్ష వైనే. తేనె రంగు మొదలు కాషాయము వరకు దాని రంగు ఉండుటచే 2004లో డేవిడ్ హార్వే అను బ్రిటిష్ వర్తకుడు ఆ పేరు పెట్టెను. బోధన్, నిజామాబాదు ప్రాంతములలో చెరకు మానిన పొలమున ఇట్టి ద్రాక్ష వేసిన లాభముండునా అను ఆలోచన ఎవరికైనను కలుగవచ్చును. అట్టివారు ముందుగా ఈ క్రింది సంగతులు తెలిసికొనవలెను.

తొక్క చేయు పని

గానుగలో చెరకు రసమును, పిప్పిని వెంటనే వేరు చేయుదుము. మామూలు తెల్ల వైనుకును అంతే. రసము మాత్రమే పులియును. నల్ల ద్రాక్షతో చేయు ఎర్ర వైనుకు తొక్కను రసములోనే ఉంచుదురు. ఈ రెండవ పద్ధతిని తెల్ల ద్రాక్షకు పాటించినచో ఆరెంజ్ వైను తయారగును. టీ ఆకు ఎంతసేపు నానిన డికాషనుకు అంత రంగు, అంత వగరు వచ్చును గదా! అట్లే తొక్క, గింజల నుండి రంగు, వాసన, వగరునిచ్చు టానినులు రసములోనికి దిగును.

తయారీ క్రమము

గెలల నుండి కాడలు తీసివేసి పండ్లను మెల్లగా చితుకగొట్టుదురు. గింజ నలుగరాదు, నలిగిన చేదు వచ్చును. పులియునపుడు పుట్టు బొగ్గుపులుసు గాలి తొక్కను పైకి నెట్టి తెట్టె కట్టించును. దానిని దినమునకు రెండు మూడు మార్లు రసములోనికి అణచవలెను. లేనిచో గాలి తగిలి రసము సిర్కా వైపు తిరుగును. తొక్కను కొన్ని దినములు మొదలు కొన్ని నెలల వరకు ఉంచుదురు. అంతర్జాతీయ ద్రాక్ష, వైను సంస్థ 2020లో ఈ రకమును ప్రత్యేకముగా గుర్తించి, తొక్కతో కనీసము ఒక నెల ఉండవలెనని నిర్ణయించినది.

ఇది పాత విద్యయే

జార్జియా దేశమున సుమారు 8 వేల సంవత్సరముల నాటి కుండ పెంకులలో ద్రాక్ష వైను ఆనవాళ్లు దొరికినవి. అచ్చటివారు క్వెవ్రి అను గ్రుడ్డు ఆకారపు మట్టి బానలకు లోపల తేనెమైనము పూసి, మెడ వరకు నేలలో పాతి, కఖేతి ప్రాంతమున తెల్ల ద్రాక్షను తొక్కతోనే అయిదారు నెలలు ఉంచుదురు. నేల చల్లదనము పులియు వేగమును అదుపులో పెట్టును. ఈ విద్యను 2013లో యునెస్కో గుర్తించినది. ఇటలీలోని ఓస్లావియా గ్రామవాసి యోష్కో గ్రావ్నర్ 2000లో జార్జియా వెళ్లి చూచివచ్చి, 2001 నుండి తన ద్రాక్షను ఇట్టి బానలలోనే పులియబెట్టసాగెను.

రైతు వంతు

తొక్క నెలల తరబడి రసములో నానునపుడు తొక్కపైనున్నదంతయు రసములో చేరును. బూజు పట్టిన పండు, పగిలిన పండు పనికిరాదు. మందు చల్లిన పిదప కోతకు ఆగవలసిన దినములను తప్పక పాటింపవలెను. తియ్యదనము కూడ ముఖ్యము. బ్రిక్సు అను మాట చెరకు రైతుకు కొత్తది కాదు. రసము 22 బ్రిక్సు ఉన్న వైనులో సుమారు 12 శాతము ఆల్కహాలు వచ్చును. హైదరాబాదు పరిసరములకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి కూడ తెల్ల ద్రాక్షయే. కాని దాని తియ్యదనము సాధారణముగా 14 మొదలు 16 వరకే. తినుటకు మేలైన రకములన్నియు వైనుకు తగవు.

రెండు హెచ్చరికలు

1. ఎక్సైజు శాఖ లైసెన్సు లేక వైను తయారుచేయుట నేరము. ఈ పాఠము తోట పెంచువారి తెలివిడికే గాని ఇంట కాచుటకు కాదు.

2. శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినపుడు కొనువాడు లేని పంట ఎట్టిదో మీరు కన్నులార చూచితిరి. ద్రాక్ష చెరకు కంటె త్వరగా చెడును. పందిరి ఖర్చు ఒక్క ఏట తిరిగి రాదు. కావున ఏ రకము, ఎంత బ్రిక్సు, ఏమి ధర అనునవి కొనువాని చేత కాగితముపై వ్రాయించుకొనిన పిమ్మటనే మొదటి పందిరి రాయి పాతుడు.