గులాబీకి మందు చల్లేముందు

ఒకప్పుడు బ్రిటిష్ సేనల స్థావరమైన బళ్లారి కంటోన్మెంట్‌లో గులాబీ పెంచాలంటే నలభై డిగ్రీలు దాటే వేసవినీ, నీరు త్వరగా ఇంకని నల్లరేగడి మట్టినీ దృష్టిలో ఉంచుకోవాలి. ఆకు పాలిపోగానే దుకాణంలో ఇచ్చిన మందేదో తెచ్చి చల్లడం పరిపాటి. పురుగుకు శిలీంధ్రనాశిని పనిచేయదు. శిలీంధ్రానికి పురుగుమందు పనిచేయదు. తెగులు తగ్గదు సరికదా, పూజకూ జడలకూ కోసే పూల వెంట విషం ఇంట చేరుతుంది. కనుక మొదట లక్షణాన్ని గుర్తించాలి.

ఆకు అడుగున చూడవలసినవి

వేసవిలో ఆకులపై సన్నని పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు వంటి దారాలు కనిపిస్తే అది నల్లి. తెల్లకాగితంపై ఆకును తట్టితే కదిలే చుక్కలు రాలుతాయి. లేత చిగుళ్లపై గుంపుగా చేరి జిగురు కార్చేది పేనుబంక. చీమల రాక దానికి సూచన. ఈ రెండింటికీ వరుసగా కొన్ని రోజులు ఉదయం వేళ ఆకుల అడుగున నీటిని వేగంగా చిమ్మడం తొలి చికిత్స. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లాలి. మొగ్గ విచ్చక, రేకుల అంచులు గోధుమరంగుకు మారితే తామరపురుగులని అనుమానించి, ఆ మొగ్గలను తుంచి పారవేయాలి.

ఆకు పైన చూడవలసినవి

చిగుళ్లపై తెల్లని పొడి బూడిద తెగులు. లీటరుకు 2 గ్రాముల నీటిలో కరిగే గంధకం చల్లాలి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గానీ, వేపనూనె చల్లిన రెండు వారాల లోపు గానీ గంధకం వాడితే ఆకులు మాడుతాయి. వానకాలంలో అంచులు చెదరిన నల్లని గుండ్రని మచ్చలు, పసుపుబారి రాలే ఆకులు నల్లమచ్చ తెగులుకు గుర్తు. ఆకు దాదాపు ఏడు గంటలు తడిగా ఉంటేనే ఈ శిలీంధ్రం మొలకెత్తుతుంది. అందుచేత నీరు మొదట్లోనే పోయాలి. రాలిన ఆకులను ఏరివేయాలి. కత్తిరించిన కొమ్మ కొననుంచి నల్లబడి ఎండితే, ఆరోగ్యమైన భాగం వరకు కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి.

లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది తెగులు కాదు, ఇనుపధాతు లోపం. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లాలి. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోలేదని నిర్ధారించుకోవాలి.

కన్నడంలో అడగడం

దుకాణంలో నల్లిని ‘నుసి’ అనీ, పేనుబంకను ‘సస్యహేను’ అనీ, బూడిద తెగులును ‘బూది రోగ’ అనీ, నల్లమచ్చను ‘కప్పు చుక్కె రోగ’ అనీ చెప్పవచ్చు. సందేహముంటే తెగులు సోకిన ఆకును సంచిలో ఉంచి ఉద్యానశాఖకు, అంటే ‘తోటగారికె ఇలాఖె’కు, చూపించాలి.

చీటీపై రంగు

డబ్బా చీటీపై భాష తెలియకపోయినా వజ్రాకారపు గుర్తు కింది సగం రంగును చదవవచ్చు. ఎరుపు అత్యంత విషపూరితం. తరువాత క్రమంగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇంటి మొక్కకు ఎరుపు, పసుపు గుర్తులున్నవి కొనరాదు. విడిగా పొట్లం కట్టిన మందు కొనరాదు. మంచినీటి సీసాలో నిలువ చేయరాదు. ఒంటిపై పడితే సబ్బుతో కడగాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించక, 108కి ఫోను చేసి, డబ్బాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లాలి.