‘కాదు’ అనేవాళ్ల కోసం రాయండి

తెలంగాణ సరిహద్దులోని జుక్కల్ మండలం పిల్లలకు భాషలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఇంట్లో మరాఠీయో కన్నడమో వినిపిస్తుంది, బడిలో తెలుగు నడుస్తుంది, సంతలో ఉర్దూ కలిసిన హిందీ సరిపోతుంది. మండలం దాటితే ఒకపక్క మహారాష్ట్ర దెగ్లూర్, ఇంకోపక్క కర్ణాటక బీదర్ జిల్లా. ఇలాంటి సరిహద్దు ఊళ్లలో పెరిగినవాళ్లకు ఒక సంగతి చిన్నప్పుడే ఒంటబడుతుంది: ఎదుట ఎవరున్నారో చూసుకుని మాట్లాడాలి. దెగ్లూర్ వ్యాపారితో బేరమాడే తీరు వేరు, జాతరకు పైసలిమ్మని తాతను అడిగే తీరు వేరు. ఎవరి దగ్గర ఏ మాట ముందు చెప్పాలో, ఏ మాట దాచుకుని చివర్లో చెప్పాలో వాళ్లకు బాగా తెలుసు.

ఒప్పించే వ్యాసానికి కావలసిన మొదటి గుణం అదే. తెలుగు పీరియడ్ మొదలవగానే మాత్రం ఆ గుణాన్ని పక్కన పెట్టమంటున్నాం. ఉపోద్ఘాతం, విషయ వివరణ, లాభాలు, నష్టాలు, ముగింపు అని ఐదు గళ్లు గీసి, గైడు చూసి నింపమంటున్నాం. ‘చెట్లు మానవాళికి ఎంతో మేలు చేస్తాయి. కావున ప్రతి ఒక్కరూ చెట్లు నాటాలి.’ ఎన్ని వేల పేపర్లలో ఈ వాక్యం ఉంటుందో! దీన్ని చదివి మొక్క నాటినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఆ వాక్యంలో అబద్ధం లేదు, కానీ కాదనేవాళ్లు కూడా ఎవరూ లేరు. కాదనేవాళ్లు లేని చోట ఒప్పించడానికి ఏమీ ఉండదు. ‘మన బడి ఆటస్థలంలో ఒక మూల చెట్లకు వదిలేయాలి’ అని రాసి చూడండి. కబడ్డీ ఆడేవాళ్లు వెంటనే లేచి ‘మరి మేమెక్కడ ఆడాలి?’ అంటారు. వ్యాసం అక్కడ మొదలవుతుంది. అందుకే కలం పట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నా మాటకు ‘కాదు’ అనేది ఎవరు, ఎందుకు? ఆ మనిషి ముఖం మీకు కనబడాలి. కనబడకపోతే విషయం మార్చుకోండి.

ఉదాహరణకు, మీ ఊరికి పొద్దున పూట బస్సు కావాలని బాన్సువాడ ఆర్టీసీ డిపో మేనేజర్‌కు రాస్తున్నారనుకోండి. మామూలుగా అయితే ఏం రాస్తాం? ‘విద్యార్థులమైన మేము చాలా ఇబ్బందులు పడుతున్నాము. కావున దయతో బస్సు సౌకర్యం కల్పించవలసిందిగా ప్రార్థన.’ పడుతున్న ఇబ్బంది నిజమే. కానీ ఆ టేబుల్ మీదికి వచ్చే ప్రతి కాగితంలోనూ అదే ఇబ్బంది, అదే ప్రార్థన ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషిని వేధించే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎంతమంది ఎక్కుతారు? తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా వస్తుందా? ఉన్న బస్సుల్లో దేన్ని తీసి ఇక్కడ వేయాలి? వీటికి జవాబు లేని అర్జీ ఎంత అందంగా రాసినా ఫైల్లోకే పోతుంది.

కాబట్టి ముందు వెళ్లి లెక్క రాయండి. ఒక వారం పాటు ఊరి మలుపు దగ్గర వంతులవారీగా నిలబడండి. ఏ సమయానికి ఎంతమంది ఆటో ఎక్కారు? వాళ్లలో బడికి పోయేవాళ్లెందరు, దవాఖానకు ఎందరు, బ్యాంకు పనికి ఎందరు? సాయంత్రం తిరిగి వచ్చేవాళ్లెందరు? ఒక్కొక్కరు ఆటోకు ఎంత ఇస్తున్నారు? నోటుపుస్తకంలో గీతలు గీసుకుని రాసుకుంటే చాలు. ‘అమ్మాయిలకు ఉచితం కదా, ఆదాయం ఎక్కడిది?’ అనే మాట రావచ్చు. దానికీ సిద్ధంగా ఉండండి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఇచ్చేది జీరో టికెట్. అది కూడా లెక్కకెక్కే టికెట్టే, ఆ ఛార్జీ ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సిందే. ఈ ఒక్క ముక్క రాస్తే, పథకం గురించి తెలుసుకునే రాశారని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

అడిగేది ఎంత చిన్నదైతే అంత మంచిది. కొత్త బస్సు అడిగితే బండి, డ్రైవరు, డీజిలు అన్నీ చూడాలి. ఉన్న బస్సును అరగంట ముందు నడపమంటే ఒక్క సంతకంతో అయిపోవచ్చు. ఏది అడిగితే మీ పని జరుగుతుందో ఆలోచించి అదే అడగండి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఎంత పెట్టమని అడగాలో కూడా తెలిసి ఉండాలి.

అధికారికి రాయడం తేలికే. ఇంట్లోవాళ్లను ఒప్పించడం కష్టం. పది పాసైన అమ్మాయి బాన్సువాడలోనో కామారెడ్డిలోనో ఇంటర్ చదువుతానంటుంది. నాయిన వద్దంటాడు. బయటికి చెప్పే కారణం ఖర్చు. లోపల ఉన్నది భయం: పిల్ల దూరంగా ఉంటుంది, ఏమైనా అయితే ఎలా, నలుగురు ఏమంటారు. చదువు గొప్పతనం మీద నాలుగు పేజీలు రాసి చేతిలో పెడితే ఆ భయం పోదు. చదువు గొప్పదని ఆయనకూ తెలుసు, తెలిసే బడికి పంపాడు. అందుకే ఉత్తరం ఇలా మొదలుపెట్టాలి: ‘నాయినా, నన్ను హాస్టల్ల ఏస్తే నీకు నిద్ర పట్టదని నాకెరుకే.’ ఆ తర్వాత ఒక్కో భయానికి ఒక్కో జవాబు. ఖర్చు మాటకైతే, ఇంటర్ దాకా పెంచిన కస్తూర్బా విద్యాలయాలు చాలా ఉన్నాయి, అక్కడ ఫీజు లేదు, తిండి, వసతి ఉచితం. ఏ కాలేజీ, ఏ హాస్టల్, ఇంటి నుంచి ఎంతసేపు, అక్కడ ఇప్పటికే చదువుతున్న మన ఊరి అక్క ఎవరు, సెలవులకు ఎప్పుడు వస్తాను. ఇవన్నీ రాయాలి. పెద్ద పెద్ద మాటలు ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఇక్కడ ఒక హద్దు గీయడం అవసరం. పద్దెనిమిది నిండకముందే పెళ్లి మాట ఖాయమవుతుంటే కూర్చుని వ్యాసాలు రాయకండి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఉంది, పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ఫోన్ చేయండి, టీచర్‌కు చెప్పండి. ఒప్పించడానికి వ్యవధి ఉన్నప్పుడే వ్యాసం పనిచేస్తుంది.

తెలంగాణలో ఒక వాదనను గెలిచిన తీరు ప్రతి తెలుగు టీచరూ తరగతిలో చెప్పాలని నా కోరిక. సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. కొంతకాలానికి నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి అచ్చయింది. అలాంటి మాట చదివితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. చేతిలో సొంత పత్రిక ఉన్న మనిషి. అది వారానికి రెండుసార్లు వచ్చేది, తిట్టదలచుకుంటే ప్రతిసారీ తిట్టవచ్చు. ఆయన చేసింది అది కాదు. ఊరూరా ఉన్న కవులకు కబురు పంపారు. పద్యాలు, వివరాలు తెప్పించారు. 354 మంది కవుల రచనలను ఒకచోట చేర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’గా అచ్చేశారు. కవులు లేరన్నవాళ్ల ముందు 354 మందిని నిలబెట్టాక ఇంకా వాదించేదేముంది? తొంభై ఏళ్లు దాటినా ఆ జవాబు చెక్కు చెదరలేదు. ఆ మాట అన్నది ఎవరో చాలామందికి గుర్తు లేదు, సంచిక మాత్రం అందరికీ తెలుసు.

కోపం వచ్చినప్పుడు వెళ్లి ఆధారాలు పోగుచేయడం అనే ఈ అలవాటు పదిహేనేళ్లకే అబ్బితే, ఆ పిల్లలు జీవితంలో ఎవరి ముందూ గొంతు చించుకోవాల్సిన పని ఉండదు. వ్యక్తిత్వం అని మనం పెద్ద పెద్ద సభలు పెట్టి చెప్పేదాంట్లో సగం ఇందులోనే ఉందని నేను నమ్ముతాను.

ఆధారం అన్నాక నిజాయితీ ఉండాలి. లేని లెక్క పుట్టించడం, ఎక్కడో విన్న అంకెను ‘ఒక సర్వే ప్రకారం’ అని రాయడం పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటున్నారు. మానిపించండి. తనకు వ్యతిరేకంగా ఉన్న వాస్తవాన్ని కూడా రాసేవాళ్ల మాటనే ఎదుటివాళ్లు నమ్ముతారు. బస్సు లెక్కలో ఆదివారం పూట ఇద్దరే ఎక్కారనుకోండి, ఆ ఇద్దరినీ రాయండి. ఆదివారం బస్సు అక్కర్లేదని కూడా రాయండి. మిగిలిన ఆరు రోజుల లెక్కకు అప్పుడు బలం వస్తుంది.

మన శాస్త్రకారులు ఇదే పద్ధతిని ఎప్పుడో పాటించారు. సిద్ధాంతం చెప్పే ముందు పూర్వపక్షం చెప్పేవారు. అంటే ఎదుటివారి వాదనను ముందు తామే, దాని బలం తగ్గించకుండా వివరించి, ఆ తర్వాత ఖండించేవారు. ఎదుటివారి మాటను వంకరగా చెప్పి గెలిస్తే అది గెలుపు కిందికి రాదు. దీన్ని తరగతిలో ఇలా చేయించవచ్చు. జుక్కల్ రైతుల ఇళ్లలో ఏటా వచ్చే ప్రశ్ననే తీసుకోండి: సోయా దెగ్లూర్ వ్యాపారికి అమ్మాలా, ఇక్కడి కొనుగోలు కేంద్రంలో పోయాలా? 2025-26కు సోయా మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. కేంద్రంలోనే పోయాలన్న అమ్మాయి ఆ అంకె చూపిస్తుంది. వ్యాపారికే అమ్మాలన్న అబ్బాయి తేమ శాతం పేచీలు, రోజుల తరబడి వరసలో నిలబడటం, ఖాతాలో డబ్బు పడేదాకా ఆగలేని అవసరం చెబుతాడు. ఇప్పుడు కాగితాలు మార్చండి. అమ్మాయి అబ్బాయి వాదనను, అబ్బాయి అమ్మాయి వాదనను రాయాలి. చదివి వినిపించాక అవతలి మనిషి ‘అవును, నేననేది ఇదే’ అనాలి. అనేదాకా తిరిగి రాయాల్సిందే. ఆ తర్వాతే ఎవరి జవాబు వాళ్లు. ఒక పీరియడ్ మొత్తం పోతుంది, పోనివ్వండి. ఇద్దరిలో ఒకరు మధ్యలో మనసు మార్చుకున్నా మంచిదే, అదీ చదువే.

విషయాలకు కొదవ లేదు. మండలంలోనే కౌలాస్ కోట ఉంది. దాన్ని బాగుచేయాలని రాసేటప్పుడు ‘మన ఘన చరిత్ర’ అని వదిలేయకుండా, 1857 తిరుగుబాటు కాలంలో బ్రిటిష్‌వారికి ఎదురు తిరిగిన కౌలాస్ రాజా దీప్‌సింగ్ పేరు రాయండి. కోటకు వెళ్లే దారి ఎలా ఉందో నడిచి చూసి రాయండి. ముందు ఏ గోడ పడిపోయేలా ఉందో రాయండి. ‘డబ్బు బడికీ రోడ్డుకీ కావాలి, పాత గోడలకెందుకు?’ అని గ్రామసభలో ఒక పెద్దమనిషి అడుగుతాడు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి మీ దగ్గర మంచి జవాబు ఉంటే వ్యాసం నిలుస్తుంది.

ఇంత చేసినా ఎదుటివాళ్లు ఒప్పుకోకపోవచ్చు. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వాడుక భాష తరఫున అసమ్మతి పత్రం రాశారు. ఆధారాల మీద ఆధారాలు పేర్చి రాసిన పత్రం అది. ఆనాడు ఆయన మాట నెగ్గలేదు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. ఈనాడు మన పాఠ్యపుస్తకాలు, పత్రికలు, ఈ వ్యాసం అన్నీ నడుస్తున్నది ఆయన కోరిన భాషలోనే. కాబట్టి రాసిన ప్రతి కాగితానికీ ఒక నకలు దాచుకోండి. తేదీ వేయండి. జవాబు రాకపోతే ఇంకో వాస్తవం చేర్చి మళ్లీ పంపండి.

చివరగా తెలుగు సార్లకు, మేడమ్‌లకు ఒక మనవి. పరీక్షల కోసం లేఖలు, కరపత్రాలు ఎలాగూ రాయిస్తున్నారు. ‘క, గ్రామము’ అని దొంగ చిరునామాతో రాయించే ఆ లేఖల్లో ఈ ఏడాది ఒక్కదానికైనా నిజమైన చిరునామా పెట్టించండి. డిపో మేనేజర్ కావచ్చు, పంచాయతీ కార్యదర్శి కావచ్చు, సోమవారం ప్రజావాణిలో అర్జీలు తీసుకునే కలెక్టర్ కావచ్చు. ఆ లేఖకు మార్కులు వేయకండి. తప్పులు దిద్ది, పిల్లల చేతనే సంతకాలు పెట్టించి, పోస్టు చేయించండి.