సర్వరు లెక్కలను చదువు విధము

పరీక్షా ఫలితములు వెలువడు దినమున మీలో ననేకులు కంప్యూటరు ముందు కూర్చుండి, క్రమసంఖ్యను నొక్కి, పుట రాక చాలసేపు ఎదురుచూచి యుందురు. తెరమీద నొక చిన్న చక్రము తిరుగుచునే యుండును. ఫలితము మాత్రము రాదు. అప్పుడు చుట్టునున్నవారు "సర్వరు నెమ్మదిగా నున్నది" అందురు. ఈ మాటలో తప్పు లేదు గాని, ఇది రోగి వైద్యునితో "నాకు ఒంట్లో బాగులేదు" అని చెప్పుట వంటిది. వైద్యుడు అంతమాత్రమున మం దియ్యడు. నాడి చూచును, జ్వరము కొలుచును, నొప్పి యెచ్చట నని యడుగును. సర్వరునకును నాడి కలదు. దానిని చూచు విధమును ఈ వ్యాసమున వివరింప బూనితిని. గుణకార భాగహారములు వచ్చిన విద్యార్థి కెవ్వనికైనను ఇది బోధపడగలదు.

సర్వరనగా వడ్డించువాడని యర్థము. కావున మన హాస్టలు భోజనశాలనే తలచికొనుడు. అన్నము వడ్డించువాడొకడు, పప్పు వడ్డించువాడొకడు, చారు పోయువాడొకడు, మజ్జిగ పోయువాడొకడు. మొదటివారిద్దఱకును, మజ్జిగవానికిని ఒక్కొక్క విద్యార్థికి 3 సెకండ్లు పట్టును; చారువానికి 6 సెకండ్లు పట్టుననుకొందము. అప్పుడు నిమిషమునకు 10 మందియే లోపలికి పోగలరు. వార్డనుగారు దయదలచి అన్నమువద్ద మఱియొకనిని నిలిపినను ఆ 10 మంది 11 మంది కారు. చారువాని ముందు బారు పెరుగుచుండును. వాని తరువాతనున్న మజ్జిగవాడు గరిటె పట్టుకొని గోడవైపు చూచుచుండును. ఎవని ముందు బారు నిలుచునో, ఎవని తరువాతివానికి తీరిక దొరకునో, వానియొద్దనే యిఱుకున్నదని తెలిసికొనవలెను. ఇంగ్లీషువారు దీనిని సీసామెడతో పోల్చి చెప్పుదురు.

సర్వరులో నిట్లు వడ్డించు స్థానములు ముఖ్యముగా నాలుగు: లెక్కచేయు ప్రాసెసరు, చేతికందుబాటులో సరకు నుంచు మెమరీ, శాశ్వతముగా దాచు డిస్కు, బయటికి మోసికొనిపోవు నెట్‌వర్కు. వీనిలో ప్రతిదానిని గూర్చియు మూడు ప్రశ్న లడుగవలెనని బ్రెండన్ గ్రెగ్ అను నిపుణుడు బోధించెను. అది యెంతభాగము పనిలో నున్నది? దానిముందు బారెంత? దానియందు తప్పులేమైన దొరలుచున్నవా? మన దేశమున సాధారణముగా మొదటి ప్రశ్న నడిగి, రెండవదానిని మఱచెదరు. నా యభిప్రాయమున రెండవదియే ముఖ్యము.

ఏలయన పనిభారమునకును, వేచియుండు కాలమునకును గల సంబంధము సరళరేఖ కాదు. ఈ బారుల లెక్కకు శాస్త్రరూప మిచ్చినవారిలో ప్రథమగణ్యుడు డెన్మార్కు దేశీయుడగు ఎర్లాంగ్. ఆయన కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో నుండి, 1909లో టెలిఫోను పిలుపులను గూర్చి తన మొదటి వ్యాసమును ప్రకటించెను. ఆ మార్గమున వచ్చిన యొక సులభసూత్ర మిది: వచ్చువారు నియమము లేక వచ్చుచు, పనికి పట్టు కాలము హెచ్చుతగ్గులుగా నుండి, పనివా డొక్కడే యైనచో, పనికి పట్టు కాలమును తీరిక భాగముచేత భాగింపవలెను. పని 10 మిల్లీసెకండ్లదనుకొనుడు. పనివాడు నూటికి 50 పాళ్లు పనిలో నున్నప్పుడు వచ్చినవానికి సుమారు 20 మిల్లీసెకండ్లు పట్టును. 80 పాళ్లయినచో 50. 90 అయినచో 100. 95 అయినచో 200. చూచితిరా! 90 నుండి 95కు పెరిగినది అయిదు పాళ్లే. నిరీక్షణ మాత్రము రెండింత లయ్యెను. "నిన్నటివఱకు బాగుగనే యుండెనే, నేడేమి వచ్చినది?" అని యధికారు లాశ్చర్యపడుటకు కారణ మిదియే.

రెండవ సూత్రము జాన్ లిటిల్ అను పండితుడు 1961లో నిరూపించినది. లోపల నున్నవారి సంఖ్య, సెకండునకు వచ్చువారి సంఖ్యను ఒక్కొక్కడు లోపల గడపు కాలముచేత గుణించినదానికి సమానము. ఇది యెంత తేలికగా గన్పట్టునో యంత బలమైనది. లెక్కలు నిజము చెప్పుచున్నవో లేదో పరీక్షించుటకు దీనిని మించిన గీటురాయి లేదు. ముందు దానిని వాడి చూపెదను.

ఇక నాడి పట్టుకొందము. లైనక్సు సర్వరులలో వీఎంస్టాట్ అను నాజ్ఞ కలదు. దానిప్రక్క 5 అని వ్రాసినచో 5 సెకండ్లకొక పంక్తి చొప్పున అంకెలు వచ్చుచుండును. మొదటి పంక్తిని నమ్మరాదు. అది సర్వరు ప్రారంభమైనది మొదలు నేటివఱకు సరాసరి. నెలదినములు నిద్రించి నేడు పరుగెత్తువాని నాడి యా పంక్తిలో దొరకదు. రెండవ పంక్తి మొదలుకొని చూడవలెను. ఆర్ అను శీర్షిక క్రింద ప్రాసెసరుపై నడచుచున్నవియు, దానికొఱకు నిలిచినవియు నగు పనుల సంఖ్య యుండును. అది కోర్ల సంఖ్యకంటె ఎల్లప్పుడును మిక్కుటముగా నున్నచో ప్రాసెసరు చాలలేదన్నమాట. బి అను శీర్షిక క్రింద నున్నవి ముఖ్యముగా డిస్కు కొఱకు చిక్కుకొని యున్న పనులు. ఎస్ఐ, ఎస్ఓ అనునవి మెమరీ చాలక డిస్కునకు దించి మరల నెక్కించుకొను సరకు. ఇవి సున్నలుగా నుండుట మేలు. చివర యూఎస్, ఎస్‌వై, ఐడీ, డబ్ల్యూఏ అను నాలుగును ప్రాసెసరు కాలమును నూటికి పాళ్లుగా పంచి చూపును. కార్యక్రమముల పని, వ్యవస్థ పని, తీరిక, డిస్కుకై యెదురుచూచు తీరిక అని వరుసగా నర్థము.

ఇచ్చట మూడు పొరపాట్లు తఱచుగా జరుగును. డబ్ల్యూఏ పెద్దదిగా నున్నచో ప్రాసెసరు శ్రమపడుచున్నదని కొంద ఱనుకొందురు. నిజమునకు అదియు నొక విధమైన తీరికయే. అంతేకాదు, అదే సమయమున ప్రాసెసరునకు వేఱొక పని దొరకినచో, డిస్కు యథాప్రకారము నెమ్మదిగా నున్నను ఈ యంకె తగ్గిపోవును. రెండవది, ఖాళీ మెమరీ తక్కువగా నున్నదని భయపడుట. లైనక్సు ఖాళీగా నున్న మెమరీని డిస్కునుండి చదివిన పుటలను దాచుకొనుటకు వాడుకొనును. అవసరమైనచో వెంటనే విడిచిపెట్టును. మూడవది, లోడ్ ఏవరేజి యను మూడంకెలను గూర్చినది. అవి గడచిన 1, 5, 15 నిమిషముల సరాసరులు. లైనక్సులో 1993 నుండి డిస్కుకై చిక్కుకొన్న పనులు గూడ వానిలో చేరుచున్నవి. కావున ఆ యంకె పెద్దదైనంతమాత్రమున ప్రాసెసరును నిందింపరాదు.

ఈ పొరపాట్లకు మూల్యము చెల్లించినవారిని నేనెఱుగుదును. పెక్కు పాఠశాలల ఫలితములను తెలుపు నొక కార్యాలయమున ఒక యేడు ఫలితముల దినమున సర్వరు నిలిచిపోయెను. లోడ్ ఏవరేజి 13 అని యెవరో చూచిరి. కోర్లు నాలుగే గదా యని, పాఠశాలలనుండి చందాలు పోగుచేసి 8 కోర్ల ప్రాసెసరు గల యంత్రమును కొని, పాత డిస్కునే దానిలో నమర్చిరి. ఆ చందాలలో కూలిపని చేసికొను తల్లిదండ్రు లిచ్చిన రూపాయలును గలవు. మఱుసటి యేడు ఫలితముల దినమున అదే చక్రము, అదే నిరీక్షణ! కుమారుని మార్కుల కొఱకు పట్టణమునకు వచ్చిన యొక తండ్రి చివరి బస్సు తప్పిపోవువఱకు దుకాణములో నిలిచియుండెను. ఆ యుదయమున నొక యుద్యోగి సర్వరు నాపి మరల నడిపించెను. దానివలన మెమరీలో దాచియున్న పుటలన్నియు పోయి, ఖాళీ మెమరీ విస్తారముగా గన్పట్టెను. ప్రతి చిన్న విషయమునకును డిస్కువద్దకు పోవలసివచ్చెను.

ఆనాడు నేను వ్రాసికొన్న యంకె లివి. ఆర్ 1, బి 12. ఎస్ఐ, ఎస్ఓ సున్నలు. యూఎస్ 5, ఎస్‌వై 2, ఐడీ 38, డబ్ల్యూఏ 55. ఐఓస్టాట్ అను మఱియొక యాజ్ఞ డిస్కును గూర్చి చెప్పినది: సెకండునకు 78 చదువులు, ఒక్కొక్కదానికి 160 మిల్లీసెకండ్లు, పనిభాగము నూటికి 100. సర్వరు సెకండునకు 6 పుటలు పంపుచుండెను.

78ని 0.16చేత గుణింపుడు: 12.48. బి శీర్షికలోని 12 ఇదియే! లిటిల్ సూత్రము సాక్ష్యము చెప్పినది. 78 అను నంకెయు నాకస్మికము కాదు. అది నిమిషమునకు 7,200 మాఱులు తిరుగు డిస్కు. ఒక చుట్టునకు 8.33 మిల్లీసెకండ్లు, కావలసిన చోటు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు, అనగా సుమారు 4.2. ముల్లు ఒక చోటినుండి మఱియొక చోటికి కదలుటకు సుమారు 8.5. మొత్తము 12.7. 1,000ని దీనిచే భాగించినచో ఇంచుమించు 79 వచ్చును. చెదరిన చోట్లనుండి అంతకు చాల మించి చదువుట ఆ డిస్కునకు సాధారణముగా కష్టము. (తిరుగుడు లేని యీనాటి డిస్కులకు ఈ లెక్క వర్తింపదు. అవి యొకేసారి పెక్కు పనులు చేయును గనుక వాని విషయమున పనిభాగము 100 అయినను ఇఱుకు కలదని నిశ్చయింపరాదు.)

సెకండునకు 78 చదువులు, 6 పుటలు; కావున పుటకు 13 చదువులు. డిస్కువద్ద గడచునది 13 × 0.16, అనగా 2.08 సెకండ్లు. ప్రాసెసరు మాట చూతము: 8 కోర్లలో నూటికి 7 పాళ్లనగా 0.56 కోరు, దానిని 6 పుటలకు పంచినచో పుటకు 0.09 సెకండు. కోర్ల సంఖ్య పెంచుటచేత ఒక పుట పని త్వరపడదు. ఒకవేళ ప్రతి కోరును రెండింతల వేగము గలదియే యైనను, 2.17 సెకండ్లలో మిగులునది 0.045 సెకండు, అనగా నూటికి రెండుపాళ్లు! ఒక భాగమును బాగుచేసినచో వచ్చు లాభము, ఆ భాగము మొత్తములో నెంతయో దానినిబట్టియే యుండునని 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన వాదమునకు ఇది చక్కని యుదాహరణము. మఱియు నీ 2 సెకండ్లు గుమ్మము దాటి లోపలికి వచ్చినవారికి మాత్రమే. సర్వరు ఒకేసారి కొందఱినే లోపలికి రానిచ్చును. వెలుపల నిలిచినవారి నిరీక్షణ యీ లెక్కలలో నెచ్చటను గన్పడదు. ఆ తండ్రి నిలిచియున్నది అచ్చటనే.

నివారణ కేమియు ఖర్చు కాలేదు. ఎన్నో యేండ్ల ఫలితములు, ఛాయాచిత్రములతో సహా, ఒకే పెద్ద నిలువలో నుండుటచేత ఒక్కొక్క విద్యార్థి మార్కులు పలుచోట్ల చెదరియుండెను. ఆ యేటి మార్కులను మాత్రము వేఱుచేసి, విద్యార్థి కొక పంక్తిగా చిన్న పట్టికను గూర్చిరి. 20,000 మందికి ఒక్కొక్కరికి ఒక కిలోబైటు చొప్పున 20 మెగాబైట్లు; అది పూర్తిగా మెమరీలో నిలిచిపోయెను. డిస్కు దాదాపుగా నిద్రించెను. సర్వరు సెకండునకు 40 పుటలు పంపసాగెను.

అప్పుడొక విచిత్రము గంటిమి. 40ని 0.093చేత గుణించినచో 3.7 కోర్లు. పాత నాలుగు కోర్ల ప్రాసెసరే యున్నచో నూటికి 93 పాళ్లు పనిలో నుండి, బారు దానిముందే నిలిచియుండును! డిస్కువద్ద నిఱుకు తొలగగానే అది ప్రాసెసరువద్దకు చేరవలసినది. చందాలతో కొన్న ప్రాసెసరు ఆనాటి మధ్యాహ్నమున మొదటిసారిగా పనికివచ్చెను. కొనుట తప్పు కాకపోవచ్చును. ముందు కొనుటయే తప్పు.

సరాసరులను గూర్చి యొక్కమాట. నూఱుగురిలో 99 మందికి పుట 0.1 సెకండులోను, ఒక్కనికి 10 సెకండ్లకును వచ్చినచో సరాసరి 0.2 సెకండే. ఆ యంకెను చూచి యధికారి సంతోషించును. కావున ఎంత సేపటిలో 99 మందికి పుట చేరినదో విడిగా లెక్కింపవలెను. ఆ చివరివా డెవడో యడుగవలెను.

పై తరగతుల విద్యార్థులకొక యభ్యాసము. 4 కోర్లు గల వేఱొక సర్వరులో ఈ క్రింది యంకెలు వచ్చినవి: ఆర్ 1, బి 6, యూఎస్ 6, ఎస్‌వై 5, ఐడీ 17, డబ్ల్యూఏ 72, ఎస్ఐ 2,400, ఎస్ఓ 3,100, డిస్కు పనిభాగము నూటికి 100. డిస్కునకు క్షణమైన తీరిక లేదు గనుక క్రొత్త డిస్కు కొనవలెనని యొకడు చెప్పుచున్నాడు. ఆ డిస్కుపై నంత భారము మోపుచున్న దెవరో ముందు కనుగొని, తరువాత వానికి సమాధాన మిండు.