రెండేళ్ల కాలేజీ: తెలుగు కుటుంబాలకు నా అనుభవ పాఠాలు

కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక కూడా మనవాళ్ల ఇళ్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "పెద్ద యూనివర్సిటీలో సీటు రాలేదండీ, వీణ్ణి కమ్యూనిటీ కాలేజీలో వేయమంటున్నారు" అని చెబుతుంటే, ఇంట్లో ఏదో జరగరానిది జరిగినట్టుంటుంది ఆ గొంతు. అలా అడిగేవాళ్లకు నేను చెప్పేవి ఇవి.

1. దీన్ని తక్కువ చదువనుకోకండి. పిల్లలు ఇంటిపట్టున ఉండి డిగ్రీ మొదటి రెండేళ్లు చదువుకోవాలని 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియట్‌లో మొదలైన ఏర్పాటు ఇది. ఇప్పుడు ఒక్క కాలిఫోర్నియాలోనే 116 కాలేజీలున్నాయి. ఇక్కడి నివాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. రెండేళ్ల డిగ్రీకి కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు. పుస్తకాలు, చిల్లర ఫీజులు వేరు.

2. చేరకముందే దారి తేల్చుకోండి. యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలా, ఇక్కడే పని నేర్చుకుని ఉద్యోగంలోకి వెళ్లాలా? రెంటికీ కోర్సులు వేరు. పని నేర్పే సర్టిఫికెట్ కోర్సులన్నిటినీ యూనివర్సిటీలు లెక్కలోకి తీసుకోవు.

3. ట్రాన్స్‌ఫర్ అంటే మొదటి టర్మ్ నుంచే ప్లాను ఉండాలి. ఏ కోర్సుకు ఏ యూనివర్సిటీలో విలువుందో 'అసిస్ట్' వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు షరతులు నెరవేర్చినవాళ్లకు ముందే సీటు హామీ ఇస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజిలస్, శాన్ డియాగో ఆ హామీ ఇవ్వవు గానీ ట్రాన్స్‌ఫర్ పిల్లల్ని బాగానే చేర్చుకుంటాయి. ఇంజినీరింగ్ పిల్లలకు నేను పదే పదే చెప్పేది ఒకటుంది. కాలిక్యులస్ ఒకటి పాసైతేనే రెండు, రెండు పాసైతేనే మూడు. ఆ పైన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా. మధ్యలో ఒక్క టర్మ్ తప్పినా తర్వాతివన్నీ వెనక్కి జరిగి, ఏడాది పోవచ్చు. తెలివైన పిల్లలు కూడా ఇక్కడే చిక్కుకుంటారు. అందుకే లెక్కల క్లాసు ముందు పెట్టుకుని, మిగతావి దాని చుట్టూ సర్దుకోవాలి.

4. పని నేర్పే కోర్సుల్ని చులకన చేయకండి. ఇది నాకు మనసుకు దగ్గరి విషయం. ఇక్కడ రెండేళ్ల నర్సింగ్ చదివినవాళ్లూ, నాలుగేళ్లు చదివినవాళ్లూ రాసే లైసెన్సు పరీక్ష ఒకటే. నాలుగేళ్ల డిగ్రీ అడిగే ఆసుపత్రులున్నాయి, నిజమే. దాన్ని ఉద్యోగం చేసుకుంటూ పూర్తిచేయవచ్చు. అయితే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మంచి గ్రేడ్లతో ముగించాకే సీటుకు అప్లై చేయాలి, పోటీ గట్టిగా ఉంటుంది. ఎక్స్‌రే టెక్నాలజీ, డెంటల్ హైజీన్, వెల్డింగ్, ఏసీ రిపేరు కూడా నేర్పే కాలేజీలున్నాయి. చేతిపని ఇష్టమైన పిల్లాణ్ణి బలవంతంగా కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టిన ఇళ్లను చూశాను. ఆ పిల్లల ముఖాలు నాకింకా గుర్తే.

5. క్లాసు నచ్చలేదని వెళ్లడం మానేసి ఊరుకోవద్దు. గడువులోగా డ్రాప్ చేయాలి. లేదంటే ఎఫ్ గ్రేడు పడి, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉండిపోతుంది. హైస్కూల్లో ఉంటూనే ఇక్కడ క్లాసులు తీసుకునే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

6. ఇది హెచ్-4 వీసా మీద వచ్చిన ఆడపిల్లలకు. ఉద్యోగం చేయడానికి మీకు వేరే అనుమతి కావాలి, చదువుకోవడానికి అక్కర్లేదు. స్టూడెంట్ వీసాకు మారాల్సిన పనీ లేదు. చాలామంది ఈ సంగతి తెలియక ఏళ్లు ఇంట్లోనే గడిపేస్తున్నారు. కాలిఫోర్నియాలో ఏడాది దాటి ఉంటే నివాసుల ఫీజు వర్తిస్తుందేమో అడ్మిషన్స్ ఆఫీసులో అడగండి, అద్దె అగ్రిమెంటు లాంటి కాగితాలు వెంట తీసుకెళ్లండి. అకౌంటింగ్ కావచ్చు, చిన్నపిల్లల చదువుకు సంబంధించిన ఎర్లీ చైల్డ్‌హుడ్ కోర్సులు కావచ్చు, ఈ టర్మ్‌లో ఒక్క క్లాసుకు పేరు నమోదు చేసుకోండి. పిల్లలు చిన్నవాళ్లయితే సాయంత్రం క్లాసులున్నాయి, ఆన్‌లైన్‌వీ ఉన్నాయి.