ముందు గది, తర్వాత టీవీ, ఆపై ప్లేయర్: పడకగది సినిమాకు అనుభవ పాఠాలు

పడకగదిలో మంచి టీవీ, డిస్క్ ప్లేయర్ పెట్టుకుని సినిమాలు చూద్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగే మాట "ఏ కంపెనీది కొనమంటారు?" అని. నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. మీ తలగడ నుంచి ఎదుటి గోడ ఎంత దూరం? మీరు చూడబోయే సినిమాలేవి? మొదటి జవాబు టీవీని తేలుస్తుంది, రెండోది ప్లేయర్‌ని తేలుస్తుంది. కంపెనీ, ఆఫరు, వాయిదాలు ఆ తర్వాతి సంగతులు. పిక్చర్ ట్యూబుల కాలం నుంచి టీవీలు బాగుచేస్తూ, క్యాసెట్లూ డిస్కులూ అద్దెకిస్తూ బతికినవాణ్ని. ఆ పనిలో నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ పనికొచ్చేవి ఇవి.

1. దుకాణానికి వెళ్లేముందు టేపు తీయండి

గది పొడవు కొలిస్తే చాలదు. మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు మీ కళ్లు ఎక్కడుంటాయో అక్కడి నుంచి ఎదుటి గోడ దాకా కొలవాలి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గదిలో మంచం పొడుగు వైపుకు వేస్తే ఈ దూరం పది అడుగులకు దగ్గరగా వస్తుంది, అడ్డంగా వేస్తే ఎనిమిదికి అటూ ఇటూ ఉంటుంది.

సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఎంపీటీఈ లెక్క ప్రకారం తెర మన చూపులో 30 డిగ్రీల మేరకు పరుచుకోవాలి. అంటే తెర ఐమూల కొలతకు సుమారు 1.6 రెట్ల దూరం. 43 అంగుళాల తెరకు 5.7 అడుగులు, 55కి 7.3 అడుగులు, 65కి 8.7 అడుగులు. థియేటర్లో మధ్య వరసల్లో కూర్చున్నట్టు ఉండాలంటే టీహెచ్‌ఎక్స్ సంస్థ 40 డిగ్రీలు చెబుతుంది. అప్పుడు దూరం 1.2 రెట్లు చాలు. పడకగదే కదా, 32 అంగుళాలు సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వార్తలకు సరిపోతుంది. ఎనిమిది అడుగుల నుంచి సినిమాకు సరిపోదు.

నమ్మకం కుదరకపోతే పాత వార్తాపత్రికలు అతికించి 48 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తున గోడకు అంటించండి. 55 అంగుళాల తెర అంత ఉంటుంది. రెండు రోజులు అలాగే ఉంచి చూస్తే ఎంత కావాలో మీకే తెలుస్తుంది.

2. తెర ఎత్తు మెడకు నచ్చాలి

బీరువా పైనో, ఏసీ కిందో ఖాళీగా ఉంది కదా అని టీవీని అక్కడ బిగించమంటారు. మంచం మీద ఆనుకుని కూర్చుంటే కళ్లు నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తులో ఉంటాయి. తెర నడిమి భాగం దానికి కాస్త పైగా ఉంటే చాలు. అంతకంటే పైకి పోతే ముందుకు వంగే బ్రాకెట్ తప్పనిసరి, లేకపోతే రెండున్నర గంటల సినిమా అయ్యేసరికి మెడ పట్టేస్తుంది. బిగించేముందు పడుకుని, కూర్చుని, రెండు రకాలుగానూ చూసుకోండి. పెద్దవాళ్లున్న ఇంట్లో ముందు వాళ్లను కూర్చోబెట్టి అడగండి. కిటికీ ఎదురుగా తెర పెట్టకండి. అదొక్కటే చోటయితే మందపాటి కర్టెన్ల ఖర్చు కూడా టీవీ ఖర్చులోనే వేసుకోండి.

3. చీకటి గదికి కావలసింది నలుపు

హాల్లో టీవీకి వెలుగు ముఖ్యం. రాత్రి దీపాలు ఆర్పి చూసే పడకగదిలో నలుపు ముఖ్యం. నల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు కనబడితే ఎంత ఖరీదైన తెరయినా బొమ్మ చప్పగా ఉంటుంది.

ఎల్‌సీడీ తెరల్లో రెండు రకాలు తెలుసుకోండి. వీఏ రకంలో నలుపు బాగుంటుంది, కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలుస్తాయి. ఐపీఎస్ రకంలో పక్క నుంచి కూడా రంగు నిలుస్తుంది, కానీ నలుపు పలచన. మంచం తెరకు తిన్నగా ఉంటే వీఏ మేలు. మంచం ఓ మూలన, టీవీ ఇంకో మూలన ఉంటే ఐపీఎస్ గురించి ఆలోచించవచ్చు. మినీ ఎల్‌ఈడీ తెరలు వెనక దీపాలను భాగాలుగా ఆర్పి నలుపు తెస్తాయి. వాటిని కొనేముందు నల్లటి తెర మీద తెల్లటి సబ్‌టైటిల్ పెట్టించి, అక్షరాల చుట్టూ వెలుగు చిమ్ముతుందేమో చూడండి.

ఓఎల్‌ఈడీలో వెనక దీపమే లేదు. ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, ఆరుతుంది. నలుపు నిజమైన నలుపు, పక్క నుంచి చూసినా బొమ్మ చెడదు. దీపాలార్పిన పడకగదికి ఇంతకంటే తగిన తెర లేదని నా గట్టి నమ్మకం. 42, 48 అంగుళాల్లోనూ వస్తున్నాయి కాబట్టి చిన్న గదికీ కుదురుతుంది. ఒక్క జాగ్రత్త: రోజంతా ఒకే వార్తా చానల్ నడిచే ఇల్లయితే ఆ చానల్ గుర్తు, కింద పరుగెత్తే పట్టీ తెర మీద మచ్చగా మిగిలిపోయే ప్రమాదముంది. అలాంటి ఇంటికి మంచి ఎల్‌సీడీయే తగింది.

4. దుకాణం వెలుగును నమ్మకండి

దుకాణంలో ట్యూబులైట్ల కింద టీవీలన్నీ వివిడ్ మోడ్‌లో, చేపలూ పూలూ చూపిస్తూ ఉంటాయి. ఏది ఎక్కువ వెలిగితే కన్ను అటే లాగుతుంది. రిమోటు అడిగి సినిమా మోడ్‌లోకి మార్పించండి. మీకు బాగా తెలిసిన సినిమాలోంచి రాత్రి సన్నివేశం ఒకటి, మనిషి ముఖం దగ్గరగా కనబడే సన్నివేశం ఒకటి పెట్టించండి. చీకట్లో జుట్టు, చీర అంచు విడివిడిగా కనబడాలి. ముఖం రంగు మనిషి ముఖంలా ఉండాలి. ఈ రెండూ నెగ్గిన టీవీ చాలావరకు నెగ్గినట్టే.

5. ప్లేయర్ కొనేముందు సినిమాల చిట్టా రాయండి

మన ఇళ్లలో డిస్కులు ఊరికే పోగుపడలేదు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక అద్దెకు తెచ్చుకునేవాళ్లు కూడా కొనుక్కున్నారు. ఆ డిస్కులున్న అట్టపెట్టె కిందికి దించి, ఏ రకం ఎన్ని ఉన్నాయో రాసుకోండి.

వీసీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. డీవీడీలో 720, 576. బ్లూరేలో 1920, 1080. 4కె బ్లూరేలో 3840, 2160. అంటే 4కె తెరను నింపడానికి డీవీడీ బొమ్మను ఇరవై రెట్లు, వీసీడీ బొమ్మను ఎనభై రెట్లకు పైగా సాగదీయాలి. ఏ టీవీ అయినా లేని వివరాన్ని పుట్టించలేదు. వీసీడీలే ఎక్కువున్నవాళ్లు పెద్ద తెర మీద అద్భుతాలు ఆశించవద్దు.

పెట్టెలో డీవీడీలే ఉండి, కొత్తవి కొనే ఉద్దేశం లేకపోతే హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు డీవీడీ ప్లేయర్ చాలు. పాత ప్లేయర్ల ఎరుపు, తెలుపు, పసుపు తీగలకు కొత్త టీవీల్లో చోటు లేకపోవచ్చు, చూసుకోండి. బ్లూరేలు కూడా ఉంటే బ్లూరే ప్లేయర్ తీసుకోండి, డీవీడీలు అందులోనే ఆడతాయి. వీసీడీలు ఆడతాయన్న హామీ మాత్రం లేదు. పెట్టె మీద రాసింది చదివి కొనండి.

4కె డిస్కు గురించి ఒక నిజం చెప్పాలి. 55 అంగుళాల తెరను ఏడడుగులకు పైగా దూరం నుంచి చూస్తే, మామూలు చూపుకు బ్లూరేకూ 4కెకూ పదునులో తేడా పెద్దగా చిక్కదు. తేడా కనబడేది వెలుగునీడల్లో, రంగుల్లో. దాన్నే హెచ్‌డీఆర్ అంటారు. కాబట్టి హెచ్‌డీఆర్ బాగా చూపలేని చవక టీవీకి ఖరీదైన 4కె ప్లేయర్ జతచేయడం డబ్బు దండగ.

6. 4కె ప్లేయర్ తయారుచేసేవాళ్లు తగ్గిపోయారు

4కె బ్లూరే డిస్కులు 2016లో వచ్చాయి. రెండేళ్లకే ఒప్పో ప్లేయర్ల తయారీ ఆపేసింది. 2019లో శామ్‌సంగ్ తప్పుకుంది, 2024లో ఎల్‌జీ కూడా విరమించింది. ముఖ్యంగా మిగిలినవి పానసోనిక్, సోనీ. అందుచేత ప్లేయర్ ఎంచేటప్పుడు మన దేశంలో వారంటీ ఉందా, మరమ్మతు ఎవరు చేస్తారు అన్నది మొదటి ప్రశ్న కావాలి.

హెచ్‌డీఆర్‌లో డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ లాంటి రకాలుంటాయి. టీవీకీ ప్లేయర్‌కీ ఆ రకం జత కుదురుతుందో లేదో కూడా సరిచూసుకోండి. శామ్‌సంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. పానసోనిక్ యూబీ820 ప్లేయర్ రెండూ ఇస్తుంది. సోనీ యూబీపీ ఎక్స్700లో డాల్బీ విజన్‌ను సెట్టింగుల్లో మనమే వేసుకోవాలి. డిస్క్ డ్రైవున్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కె డిస్కులు ఆడిస్తాయి, కానీ డిస్కులోని డాల్బీ విజన్‌ను ఇవ్వవు. ఇంట్లో పిల్లలకు ఆ యంత్రం ఇప్పటికే ఉంటే ముందు దాంతోనే మొదలుపెట్టండి. వేరే ప్లేయర్ అవసరమో కాదో వాడుకలో తేలుతుంది.

7. విదేశాల నుంచి తెప్పించేముందు ఆగండి

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో డిస్కులు, ప్లేయర్లు తెస్తామంటారు. డీవీడీలకు మన దేశం 5వ రీజియన్, అమెరికా 1వది. బ్లూరేలకు మనది సి, అమెరికాది ఎ. రీజియన్ తాళం వేసిన అమెరికా డిస్కు ఇక్కడి ప్లేయర్లో ఆడదు, అక్కడి ప్లేయర్లో ఇక్కడి డిస్కు ఆడదు. 4కె బ్లూరే డిస్కులకు మాత్రం రీజియన్ తాళం లేదు. ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి. పిల్లలు ఏదైనా తెస్తామంటే వాటినే తెమ్మనండి.

ప్లేయర్ తెచ్చేపనైతే దాని వెనక 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూడమనండి. ఒక్క 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణమే కాలిపోతుంది.

8. మాట వినబడాలి, గోడ అదరకూడదు

సన్నటి టీవీల స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. ఫ్యాను తిరుగుతూ, ఏసీ నడుస్తున్న గదిలో డైలాగులు సగం వినబడవు. అందరూ సౌండు పెంచుతారు, పాట రాగానే తగ్గిస్తారు. దీనికి మందు మధ్య స్పీకరున్న సౌండ్‌బార్. పెట్టె మీద 3.1 అని ఉంటే మాటలకు ప్రత్యేకంగా ఒక స్పీకరుందని అర్థం. పడకగదికి పెద్ద సబ్‌ఊఫర్ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్లో దాని దడ కింది ఇంటివాళ్లకూ, పక్క గదిలో పడుకున్న పెద్దవాళ్లకూ చేరుతుంది. నైట్ మోడ్ ఉన్నది చూసుకోండి. అది బాంబు పేలుళ్లను తగ్గించి గుసగుసలను పెంచుతుంది.

కలిపే తీగ కూడా ముఖ్యమే. డిస్కుల్లోని డాల్బీ ట్రూహెచ్‌డీ శబ్దం ఆప్టికల్ తీగలో ప్రయాణించలేదు, దానికి ఈఆర్క్ ఉన్న హెచ్‌డీఎంఐ కావాలి. సౌండ్‌బార్‌కు హెచ్‌డీఎంఐ ఇన్ ఉంటే ప్లేయర్‌ని తిన్నగా దానికే కలపండి. డిస్కుల్లో ఉండే మరో రకం, డీటీఎస్ శబ్దాన్ని కొన్ని టీవీలు ముందుకు పంపవు, ఈ దారిలో ఆ ఇబ్బంది ఉండదు.

9. బొమ్మను సాగదీయకండి

"మాయాబజార్" 1957లో దాదాపు చతురస్రపు తెరకు తీసిన సినిమా. టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ "అల్లూరి సీతారామరాజు" 1974లో వచ్చింది. దానికి పైనా కిందా నల్ల పట్టీలు రావాలి. తెర నిండలేదని రిమోటుతో సాగదీస్తే సావిత్రి లావవుతుంది, కృష్ణ గుర్రం పొడుగవుతుంది. "మాయాబజార్" కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ ఎంత జాగ్రత్తగా ఫ్రేము కట్టారో మనం అంత జాగ్రత్తగా చూడాలి. పాత డీవీడీలు కొన్నింటిలో నాలుగు వైపులా నల్ల చట్రం వస్తుంది. వాటికి మాత్రం జూమ్ వాడవచ్చు, వెడల్పూ ఎత్తూ సమానంగా పెరుగుతాయి.

కొత్త టీవీలో మొదటిరోజే రెండు పనులు చేయండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు ఇది లేని ఫ్రేములు కల్పించి సీరియల్‌లా మారుస్తుంది. తర్వాత ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది, లేకపోతే సినిమా మోడ్ పెట్టండి. మొదట పసుపుగా అనిపిస్తుంది. వారం చూశాక పాత నీలి వెలుగే కళ్లకు గుచ్చుకుంటుంది. ప్లేయర్ పెట్టిన హెచ్‌డీఎంఐ రంధ్రానికి సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ వేయడం మరవకండి. అది వేయకపోతే కొన్ని టీవీల్లో హెచ్‌డీఆర్ రాదు.

10. డిస్కునూ కరెంటునూ కనిపెట్టుకుని ఉండండి

డిస్కును అంచులతో పట్టుకోండి. తుడిస్తే మధ్య నుంచి అంచుకు మెత్తని గుడ్డతో తుడవండి, గుండ్రంగా రుద్దకండి. పెట్టెల్లో నిలువుగా పేర్చి, ఎండ, చెమ్మ తగలని చోట పెట్టండి. ప్లేయర్‌ని తలుపులు మూసిన అరలో పెట్టి వేడెక్కనివ్వకండి. ఉరుముల కాలంలో స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గూ, కేబుల్ తీగా రెండూ ఊడదీయండి.

11. డబ్బు పెట్టే వరస

మొదట తెర, రెండోది శబ్దం, మూడోది ప్లేయర్, చివరగా తీగలు. 4కె డిస్కు ప్లేయర్‌కు ప్రీమియం హైస్పీడ్ అని రాసున్న మామూలు హెచ్‌డీఎంఐ తీగ చాలు. వేలు పోసి కొన్నంత మాత్రాన బొమ్మ మెరుగవదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీలకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ మిగులును సౌండ్‌బార్‌కు పెట్టండి.

12. ఇష్టమైన సినిమాను సొంతం చేసుకోండి

ఫోనులోనే సినిమాలన్నీ ఉండగా డిస్కెందుకని పిల్లలడుగుతారు. ఓటీటీలో మనం కొనేది చూసే అనుమతి మాత్రమే. ఒప్పందం ముగిస్తే సినిమా వెళ్లిపోతుంది, నెట్టు మందగిస్తే బొమ్మ మసకబారుతుంది. నెట్‌ఫ్లిక్స్ 4కెకి సెకనుకు 15 మెగాబిట్ల నెట్టు ఉండాలంటుంది. 4కె డిస్కులో ఆ వేగం 128 దాకా పోగలదు. అన్ని సినిమాలకూ డిస్కు అక్కర్లేదు. మీ ఇంట్లో తరం తర్వాత తరం చూడాలనుకునే సినిమాలు కొన్నే ఉంటాయి. డిస్కు దొరికినవి దొరికినట్టు కొని పెట్టుకోండి. వాటిని తీసిన తీరులోనే చూపించగల తెర, ఆడించగల ప్లేయర్ ఇంట్లో ఉంచుకోండి. ఆ కొద్ది సినిమాలను మనసులో పెట్టుకుని బేరానికి దిగితే, దుకాణంలో ఎవరు ఏమి చెప్పినా మీకు కావలసిందే కొంటారు.