నీటి వెలుగు

పల్నాటిసీమ యనగానే వీరుల కథలు జ్ఞప్తికి వచ్చును. ఆ సీమకు నేడు మఱియొక ప్రసిద్ధి కలదు. మాచెర్లకు చేరువను కృష్ణానదిపై నాగార్జునసాగరమను గొప్ప రాతి యానకట్ట నిలిచియున్నది. 1955 డిసెంబరు 10న శ్రీ జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి.

కుడికాలువ విద్యుత్కేంద్రమున 30 మెగావాట్ల యంత్రములు మూడు కలవు. పొలములకు పోవు నీరే దారిలో వీని చక్రములను త్రిప్పును. అందువలన నీరు తరుగదు. పైరునకు లోటు రాదు. బొగ్గు కాలినచో బూడిదయే మిగులును. నీటిని మాత్రము సూర్యుడు ఆవిరిగా గ్రహించి వానగా మరల నొసగును.

ఐరోపాలోని డెన్మార్కు తన విద్యుత్తులో దాదాపు సగమును గాలిమరలచే పొందుచున్నది. గాలి నిలిచిన వేళ నార్వే దేశపు జలవిద్యుత్తు దానికి తోడ్పడును. మన సాగరమును అట్టి తోడు కాగలదు. ప్రధాన కేంద్రమునందలి యెనిమిది యంత్రములలో ఏడు, విద్యుత్తు మిగిలినపుడు దిగువనీటిని మరల పైకి తోడగలవు. ఆ నీటిని నిలుపుటకే సత్రశాల కడ మఱియొక యానకట్ట కట్టబడినది.

అయినను వానలు లేని యేట సాగరము అడుగంటును. అపుడు త్రాగునీరు ముందు, పైరు పిమ్మట, దీపము ఆ తరువాత. కావున బాలలారా! నీటితోపాటు ఎండను, గాలిని గూడ వినియోగించుకొనవలెను. అక్కఱలేని దీపము నార్పుట మనలో ప్రతివాడును చేయదగిన పని.