బాక్సింగ్ పోటీకి వారం రోజుల పట్టిక



వచ్చే నెల జరిగే ఆటల పోటీలలో నేను బాక్సింగ్ బరిలోకి దిగుతున్నాను. ఇంక నాలుగు వారాలే గడువు. "రోజూ రెండు పూటలా గట్టిగా చెయ్యి, అప్పుడే గెలుస్తావ్" అని చాలామంది అంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు. కానీ రోజూ గట్టిగా చేసేవాడు పోటీ రోజుకి అలసిపోయి వస్తాడు. వారాన్ని ఎట్లా పంచుకోవాలో పి.ఇ.టి. సారు దగ్గర నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. జూడో, కబడ్డీ ఆడేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

మొదట పోటీ ఎలాంటిదో తెలుసుకోవాలి. మా వయసు వారికి 3 రౌండ్లు. ఒక్కో రౌండు 2 నిమిషాలు, మధ్యలో 1 నిమిషం విరామం. మొత్తం 6 నిమిషాలే కదా అనుకోకండి. చేతులు ఎత్తి పట్టుకొని, కాళ్ళు కదుపుతూ ఉంటే రెండో రౌండుకే భుజాలు బండరాళ్ళ లాగ బరువెక్కుతాయి. అందుకని సాధన కూడా గడియారం చూసి 2 నిమిషాలు పని, 1 నిమిషం విరామం లెక్కన చేయాలి. మెల్లగా గంటసేపు పరుగెత్తడం ఒక్కటే చాలదు.

రెండవ సంగతి. కష్టపడేటప్పుడు కండ అలసిపోతుంది. అది బలపడేది తరువాత తిండితో, నిద్రతో. విల్లు చూడండి. నారి ఎప్పుడూ బిగించి ఉంచితే కర్ర వంగిపోయి బాణం దూరం పోదు. పని అయ్యాక నారి వదులు చేస్తారు. మన ఒళ్ళు కూడా అంతే.

నా పట్టిక ఇది:

సోమవారం (గట్టి రోజు): తాడు ఎగరడం 3 రౌండ్లు, ఇసుక బస్తా మీద 6 రౌండ్లు.
మంగళవారం (తేలిక): 20 నిమిషాలు మెల్లగా పరుగు. అద్దం ముందు షాడో బాక్సింగ్, జాబ్ కొట్టి వెనక్కి రావడం.
బుధవారం (గట్టి రోజు): స్పారింగ్ 3 రౌండ్లు. గ్లవ్స్, హెడ్ గార్డ్, పళ్ళకు గార్డ్ ఉండాలి. సారు లేనిదే చేయకూడదు.
గురువారం: విశ్రాంతి. ఒళ్ళు సాగదీయడం మాత్రమే.
శుక్రవారం (గట్టి రోజు): 100 మీటర్ల వేగం పరుగులు 6, దండీలు, గుంజీలు.
శనివారం (తేలిక): జోడీతో దెబ్బ తగలకుండా తప్పించుకోవడం, కాళ్ళ కదలిక.
ఆదివారం: పూర్తి విశ్రాంతి. బట్టలు ఉతుక్కోవడం, చదువుకోవడం.

గట్టి రోజు పక్కన ఇంకో గట్టి రోజు లేదు, గమనించారా? ఇట్లా మూడు వారాలు. నాలుగో వారం అన్నీ సగానికి సగం తగ్గించాలి. వేగం మాత్రం తగ్గించకూడదు. ఆ వారం స్పారింగ్ అసలు వద్దు. చివరి వారంలో కొత్త బలం రాదు, దెబ్బలు మాత్రం వస్తాయి.

ఇప్పుడు బరువు సంగతి. నేను 49 కిలోలు ఉన్నాను. 48 కిలోల విభాగంలో దిగితే సులువు, నాలుగు రోజులు రాత్రి అన్నం మానెయ్యమని మిత్రులు సలహా ఇచ్చారు. నీళ్ళు తాగకుండా దుప్పటి కప్పుకొని చెమట పట్టించమన్నారు. అట్లా పోయేది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. నీరు పోతే కళ్ళు తిరుగుతాయి, దెబ్బ తట్టుకునే శక్తి ఉండదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ ఫైనల్ దాకా వచ్చిన వినేశ్ ఫోగట్, రాత్రంతా తంటాలు పడినా 50 కిలోల కంటే 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీకే దూరమైంది. చుట్టూ కోచ్‌లు, డాక్టర్లు ఉన్నవాళ్ళకే అంత కష్టం. ఎదిగే వయసులో ఉన్న మనకెందుకు? మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోలలో, 2023లో 50 కిలోలలో ప్రపంచ విజేత అయ్యింది. విభాగం మారాలంటే నెలల ముందే ఆలోచించాలి, నాలుగు రోజుల ముందు కాదు. నేను 50 కిలోలకే పేరు ఇచ్చాను. నాకంటే కొంచెం బరువైనవాడు ఎదురుపడవచ్చు. పడనీ. కడుపునిండా తిని, నిలబడి కొడతాను.

తిండికి వేరే ఏమీ అక్కరలేదు. హాస్టల్‌లో పెట్టే పప్పు, అన్నం, గుడ్డు, అరటిపండు, పల్లీ పట్టి వదలకుండా తింటే చాలు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మసకగా కనపడటం, మాట తడబడటం ఉంటే "ఏం కాలేదు" అని దాచకండి. వెంటనే సారుకి చెప్పి డాక్టరు దగ్గరికి పోవాలి. డాక్టరు సరే అనేదాకా స్పారింగ్ చేయకూడదు. దాచడం ధైర్యం కాదు.

వార్డెన్ గారికి ఒక మనవి. గురువారం, ఆదివారం మేము గ్రౌండుకి రాకపోతే బద్ధకం అనుకోవద్దు. అది కూడా పట్టికలో పనే. రాత్రి 9:30కి మా గది లైటు తీసేయించండి. పొద్దున 5:30కి లేవాలంటే 8 గంటల నిద్ర కావాలి. స్టడీ అవర్ మాత్రం ఒక్కరోజు కూడా ఎగ్గొట్టము.

పట్టిక కావలసినవారు రాసుకోండి. కాగితం చింపుకొని పోకండి, వెనక ఇంకొకరు చదవాలి.

— 10వ తరగతి విద్యార్థి